చిన్న ల్యాబుల్లో ట్రోపోనిన్, సీఆర్పీ, థైరాయిడ్ అంకెల మీద అజమాయిషీ ఎవరిది? వైద్య ఆరోగ్య శాఖకు ఓ టెక్నీషియన్ బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులకు, డ్రగ్స్ కంట్రోల్ వాళ్లకు, అలాగే కిట్లు తయారుచేసే, అమ్మే కంపెనీల వాళ్లకు నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. చిన్న ల్యాబుల్లో గుండెపోటు, థైరాయిడ్ లాంటి టెస్ట్‌ల అంకెలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసేవాళ్లు లేరన్న విషయం మీద మేం కొంతమంది టెక్నీషియన్లం కలిసి ఇంతకుముందే అర్జీ పెట్టాం. ఇన్‌వార్డ్ స్టాంపు పడింది, కాపీ చేతిలో పెట్టారు, అంతే. తర్వాత వెళ్లి అడిగితే ఒక సెక్షన్ వాళ్లు కిట్ల సంగతి డ్రగ్స్ వాళ్లని అడగండి అన్నారు, వాళ్లేమో ల్యాబ్‌లో ఎలా వాడుతున్నారో మేం చూడం అన్నారు, కంపెనీ ఏరియా మేనేజర్‌కి ఫోన్ చేస్తే మేడం మా మెషీన్‌లో ప్రాబ్లం ఉండదు మీ హ్యాండ్లింగే చూసుకోండి అని పెట్టేశాడు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, ఆ మాటకొస్తే టీ కూడా ఇచ్చారు. పని మాత్రం అవ్వలేదు కాబట్టి ఇలా అందరూ చూసేలా రాయాల్సొచ్చింది.

ముందు విషయం ఏంటో జనానికి కూడా అర్థమయ్యేలా చెప్తాను, ఎందుకంటే ఈ లెటర్ ఫోన్లలో తిరిగితే ఆఫీసర్ల కంటే ముందు వాళ్లే చదువుతారు.

ఇప్పుడు మండల సెంటర్లలో ఏ ల్యాబ్‌కెళ్లినా టేబుల్ మీద ఓ మూలన చిన్న మెషీన్ ఒకటి కనిపిస్తుంది, మేం ఎఫ్ఐఏ అంటాం, ఫ్లోరోసెన్స్ ఇమ్యునోఅస్సే అన్నమాట. ప్యాకెట్ చింపి కార్డు తీస్తాం, సీరమ్ (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) కానీ రక్తం కానీ పిపెట్‌తో లాగి బఫర్ అనే ద్రవం ఉన్న గొట్టంలో కలుపుతాం, బాగా కలిసేదాకా కిందకీ పైకీ తిప్పుతాం, అందులోంచి కొంచెం, చాలా కిట్లలో 75 మైక్రోలీటర్లు, కార్డు గుంటలో వేస్తాం. ఆ బఫర్‌లో యాంటీబాడీలుంటాయి, అంటే ఒక ప్రొటీన్‌నే వెతికి పట్టుకునేవి, వాటికి వెలిగే రంగు తగిలించి ఉంటుంది. కార్డు మీద కంటికి కనపడని గీత దగ్గర ఇంకో రకం యాంటీబాడీలు అంటించి ఉంటాయి. మనం వెతికే ప్రొటీన్ రక్తంలో ఉంటే ఆ రెండూ దాన్ని రెండువైపులా పట్టుకుని గీత దగ్గర ఆగిపోతాయి. మెషీన్ ఆ గీత మీద ఒక రంగు వెలుగు వేస్తుంది, ఆ వెలిగే రంగు (డై) దాన్ని పీల్చుకుని ఇంకో రంగు వెలుగు తిరిగి వదుల్తుంది, ఎంత వెలుగొస్తే అంత ప్రొటీన్ అని లెక్కగట్టి అంకె చూపిస్తుంది. ఈ వెలుగు సంగతి కొత్తదేం కాదు, స్టోక్స్ అనే ఆయన 1852లోనే రాశాడు, 1941లో కూన్స్ అనే డాక్టర్ యాంటీబాడీకి వెలిగే రంగు అంటించి చూపించాడు. మా ఊళ్ల దాకా వచ్చింది మాత్రం నిన్నా మొన్నే.

ఇది గొప్ప టెక్నాలజీనే, దాన్ని తప్పుపట్టడానికి రాయట్లేదు. సీరమ్‌లో మామూలుగా ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఒక్కటే లీటరుకి 35 నుంచి 50 గ్రాములుంటుంది, గుండె కండరం దెబ్బతింటే వచ్చే ట్రోపోనిన్ ఏమో లీటరుకి పదుల నానోగ్రాములు, అంటే ఆల్బుమిన్‌లో ఇంచుమించు వంద కోట్ల వంతు. అంత ప్రొటీన్ మధ్యలో దాన్ని పట్టుకోవాలంటే జాతరలో తప్పిపోయిన పిల్లాడి చేతికి టార్చిలైటు ఇచ్చినట్టు దానికే ఓ గుర్తు తగిలించాలి, ఇక్కడ ఆ గుర్తు వెలుగు. పైగా రక్తానికి కూడా సొంతంగా కొంచెం వెలుగుంటుంది, కామెర్లున్న వాళ్ల బిలిరుబిన్ ఉంటుంది, పగిలిన ఎర్రకణాల హిమోగ్లోబిన్ వెలుగుని మింగేస్తుంది. అందుకే కొన్ని మంచి సిస్టమ్స్‌లో యూరోపియం అనే లోహం ఉన్న డై వాడతారు, రక్తం సొంత వెలుగు నానో సెకన్లలో ఆరిపోతుంది, యూరోపియం వెలుగు వందల మైక్రోసెకన్లు నిలబడుతుంది, మెషీన్ ఆ కాసేపు ఆగి అప్పుడు చూస్తుంది. ఇంత ఆలోచించి తయారుచేసిన వస్తువు మా టేబుల్ మీదకి వచ్చాక దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు, అదీ మా బాధ. ఒక్కొక్కటీ రాస్తున్నాను.

1. టైమ్. సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే ప్రొటీన్) అయితే చాలా కిట్లలో 3 నిమిషాలు, ట్రోపోనిన్ అయితే 12 నుంచి 15 నిమిషాలు ఆగాలి. మెషీన్‌లో రెండు మోడ్‌లుంటాయి. ఒకదాంట్లో కార్డు లోపల పెడితే అదే టైమ్ లెక్కపెట్టుకుని చదువుతుంది, రెండోదాంట్లో మనం బయట టైమ్ పెట్టుకుని, అయ్యాక లోపలికి తోస్తే వెంటనే చదివేస్తుంది. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఖాళీ కడుపు శాంపిళ్ల రద్దీ, ఒక్కో పేషెంట్‌కి పావుగంట మెషీన్ ఇస్తే వరస రోడ్డు మీదకి పోతుంది, అందుకని చాలాచోట్ల బయట మోడ్‌లో ఏడెనిమిది కార్డులు వరసగా పెట్టి ఒకటి తర్వాత ఒకటి తోస్తారు. తొమ్మిదో నిమిషంలో చదివిన కార్డు, ఇరవయ్యో నిమిషంలో చదివిన కార్డు ఒకే అంకె చెప్పవు. ఎవరి కార్డు ఎప్పుడు చదివారో రిపోర్టులో ఉండదు. ఒక్క మనిషితో ల్యాబ్ నడిపించే ఓనర్ని అడిగితే పక్క ల్యాబ్ వాడు అరగంటలో రిపోర్ట్ ఇస్తున్నాడమ్మా అంటాడు. ఆయన బాధ ఆయనది, ఆర్ఎంపీ కమీషన్ పోను, అద్దె పోను, ఆయనకి మిగిలేది కూడా తక్కువే. కానీ దాని ఫలితం అనుభవించేది రోగి.

2. వేడి, కరెంటు. కార్డులు మామూలుగా 4 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి అని ప్యాకెట్ మీదే రాసుంటుంది, బఫర్ గొట్టాలు చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో. యాంటీబాడీ అంటే అది కూడా ప్రొటీనే కదా, వేడికి పాడైపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటారు, ఆ ఎండలో కిట్ల పెట్టె ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు రేకుల షెడ్‌లో పొద్దంతా ఉండి సాయంత్రం ఆటోలో వస్తుంది. లోపల పెట్టిన ఐస్ జెల్ ప్యాక్ పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది. వెనక్కి పంపిద్దామంటే డీలర్ ఒప్పుకోడు, ఓనర్‌కి డబ్బులు పోతాయి. పెట్టె మీద ఎంత వేడి తగిలిందో చెప్పే స్టిక్కర్ ఒక్కటుంటే ఈ గొడవే ఉండదు, పిల్లలకేసే వ్యాక్సిన్ సీసాల మీద ఆ గుర్తు ఎప్పటి నుంచో ఉంది, ఏఎన్ఎంలు దాని రంగు చూసి బాగుందో లేదో చెప్పేస్తారు. గుండెపోటు పరీక్షకి మాత్రం లేదు. ఇక కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా తీరాన్నే తాకింది, జీడితోటలు కొబ్బరితోటలతో పాటు స్తంభాలు కూడా పడిపోయి ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఫ్రిజ్‌లలో ఉన్న కిట్లు ఏమయ్యాయి, పారేశారా, కరెంటొచ్చాక మళ్లీ వాడారా అని ఎవరైనా వచ్చి అడిగారా? అడగాలని రూల్ ఉన్నట్టు కూడా మాకైతే తెలియదు. వేడికి పాడైన కిట్ ఎర్రర్ చూపిస్తే పర్వాలేదు, చాలాసార్లు చూపించదు, కొంచెం తక్కువ అంకె చూపించి ఊరుకుంటుంది. ట్రోపోనిన్‌లో తక్కువ అంకె అంటే మీకేం లేదు ఇంటికెళ్లండి అని.

3. యూనిట్లు. కోవిడ్ సెకండ్ వేవ్‌లో 2021లో జనం అందరూ సీఆర్పీ, డీ-డైమర్ అని మాట్లాడుకున్నారు గుర్తుందా. ఒక ల్యాబ్ సీఆర్పీ లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తుంది, ఇంకో ల్యాబ్ డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తుంది, రెంటికీ పది రెట్లు తేడా. నిన్న 48, ఇవాళ 5.2 అని చూసి తగ్గిపోయింది అని దండం పెట్టుకున్న కుటుంబాలున్నాయి, నిజానికి కొంచెం పెరిగింది. రక్తం గడ్డలు కట్టిందేమో చూసే డీ-డైమర్‌లో ఇంకా గమ్మత్తు, ఎఫ్ఈయూ అని ఒక లెక్క, డీడీయూ అని ఇంకో లెక్క, మొదటిది రెండోదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ట్రోపోనిన్‌లో కొన్ని మెషీన్లు మిల్లీలీటరుకి నానోగ్రాములు అంటాయి, కొన్ని లీటరుకి నానోగ్రాములు అంటాయి, 0.04 అన్నా 40 అన్నా ఒకటే. కానీ రాత్రి పదింటికి సెల్‌ఫోన్ లైట్‌లో రిపోర్ట్ చూస్తున్న కొడుక్కి అది ఎలా తెలుస్తుంది, 0.04 చూసి సున్నా అనుకుంటాడు, 40 చూసి గుండె ఆగినంత పని అవుతుంది.

యూనిట్ ఒకటే అయినా ఇంకో చిక్కుంది. ట్రోపోనిన్ ఐ కిట్లు చాలా కంపెనీలు చేస్తాయి, ఒక్కొక్కళ్లూ ప్రొటీన్‌ని ఒక్కో చోట పట్టుకునే యాంటీబాడీలు వాడతారు, అందుకని ఒక కంపెనీ అంకెని ఇంకో కంపెనీ అంకెతో పోల్చకూడదు. ఇది మేం కనిపెట్టిందేం కాదు, ప్రపంచమంతా కార్డియాలజిస్టులకి తెలిసిన సంగతే. పలాసలో ఒక మెషీన్ మీద చేయించి, శ్రీకాకుళం వెళ్లి ఇంకో మెషీన్ మీద చేయించి, పెరిగిందా తగ్గిందా అని చూస్తే అర్థం లేదు. మరి మన రిపోర్ట్‌ల మీద ఏ మెషీన్, ఏ పద్ధతి, ఏ కిట్ అని ఉంటుందా? పైన దేవుడి బొమ్మ, ఓనర్ ఫోన్ నంబరు, కింద సంతకం కూడా కాదు సంతకం స్టాంపు.

4. ఇది అన్నిటికంటే ముఖ్యం, మా ప్రాంతానికి మరీనూ. ట్రోపోనిన్ గుండెనొప్పి మొదలైన వెంటనే రక్తంలోకి రాదు, కొన్ని గంటలు పడుతుంది. పెద్దాసుపత్రుల్లో హై సెన్సిటివ్ టెస్ట్‌లున్న చోట కూడా ఒకసారి చేసి వదిలెయ్యరు, మళ్లీ కొన్ని గంటలాగి రెండోసారి చేసి రెంటి మధ్య తేడా చూస్తారు, ముందు ఈసీజీ తీస్తారు. మా కార్డు టెస్ట్‌లు చాలావరకు అంత సెన్సిటివ్ కూడా కాదు. కానీ పల్లెల్లో ఏం జరుగుతోంది? నొప్పి వచ్చి ఇంకా గంట కాలేదు, ట్రోపోనిన్ చేయించారు, నెగటివ్, గ్యాస్ అని టాబ్లెట్ ఇచ్చి పంపేశారు. ఈసీజీ తియ్యమని అడిగే దిక్కు లేదు. మా దగ్గరకొచ్చిన ఒకాయన, సోంపేట వైపు కొబ్బరికాయలు వలిచే పని చేసుకునేవాడు, తెల్లారి ఐదింటికి నొప్పి మొదలైంది, ఆరున్నరకి టెస్ట్ నెగటివ్. నొప్పి ఎప్పుడొచ్చిందో అడిగి ఆ టైమ్ రిపోర్ట్ మీద పెన్‌తో రాశాను, మళ్లీ చేయించాలి, ముందు ఈసీజీ తీయించండి అని వాళ్లావిడకి చెప్పాను. ఆ రిపోర్ట్ తీసుకుని వాళ్లు వెళ్లిన చోట రాసిన టైమ్ ఎవరూ చూడలేదు, నెగటివ్ అన్న మాటే చూశారు. సాయంత్రానికి ఆయన లేడు. ఎక్కడ చూపించారో నేను చెప్పను, ఒకళ్ల మీద రాళ్లెయ్యడం కోసం ఈ లెటర్ కాదు.

దీనికి ఉల్టా కూడా ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు తెలియంది కాదు, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం ఏ మండలం చూసినా డయాలసిస్ మనుషులే, కారణం ఇప్పటికీ ఇదీ అని తేలలేదు. కిడ్నీ పాడైన వాళ్లలో చాలామందికి గుండెపోటు లేకపోయినా ట్రోపోనిన్ ఎప్పుడూ కొంచెం ఎక్కువే ఉంటుంది. అలాంటి ముసలమ్మకి ఆయాసం వచ్చిందని ట్రోపోనిన్ చేస్తే పాజిటివ్ వస్తుంది. గుండెకి ఏటైపోయిందమ్మా అని మనవడు ఏడుస్తాడు. అప్పటికప్పుడు బండి మాట్లాడుకుని విశాఖపట్నం పరుగెడతారు, దారిఖర్చులకి చెవిదిద్దులు తాకట్టు పెడతారు, అక్కడ ఆరు గంటలాగి రెండోసారి చేస్తే అంకె కదల్లేదు, పాతదే, గుండెపోటు కాదు అని పంపేస్తారు, ఈలోపు డయాలసిస్ టర్న్ పోతుంది. అసలే రోగం, దానిమీద ఇది. నిజంగా గుండెపోటు వచ్చే అవకాశం కూడా ఈ కిడ్నీ రోగులకే ఎక్కువ కాబట్టి టెస్ట్ చెయ్యొద్దు అని ఎవరూ అనట్లేదు, ఒక్క అంకె చూసి తీర్పు చెప్పొద్దు అంటున్నాం. కిడ్నీ రోగం ఇంత ఉన్న ప్రాంతానికి ఒక పేజీ గైడ్‌లైన్ తెలుగులో ఇంతవరకు ఎందుకు రాలేదు?

5. జుట్టు ఊడిపోతోందని బయోటిన్ మాత్రలు. నవ్వకండి, ఇది సీరియస్. చాలా కిట్లలో యాంటీబాడీలని అంటించడానికి బయోటిన్ (ఒక బీ విటమిన్), దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ జోడీ వాడతారు, రక్తంలో మాత్రల బయోటిన్ ఎక్కువగా ఉంటే అది ఈ జోడీ మధ్యలో దూరి లెక్క చెడగొడుతుంది. మెడికల్ షాపులో 5 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్రలు చీటీ లేకుండా దొరుకుతాయి, పొద్దున్న వేసుకుని రక్తం ఇస్తే అలాంటి కిట్లలో ట్రోపోనిన్, థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి, ఇంకో థైరాయిడ్ టెస్ట్ ఫ్రీ టీ4 ఎక్కువ చూపిస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017 నవంబర్‌లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది, ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపించిన ఒక రోగి చనిపోయినట్టు కూడా అందులో రాశారు. మన దగ్గర థైరాయిడ్ మాత్రలు వేసుకునే ఆడవాళ్లు ఎంతమందో చూడండి, వాళ్లలో జుట్టు ఊడుతోందని బయోటిన్ వేసుకునేవాళ్లూ ఉంటారు, ఎందుకంటే థైరాయిడ్ ఉంటే జుట్టు ఊడుతుంది కదా. టీఎస్‌హెచ్ తగ్గిపోయిందని, అంటే థైరాయిడ్ మాత్ర ఎక్కువైందని, 50 మాత్రని 25 చేస్తారు, మూడు నెలలకి మళ్లీ ఒంట్లో నీరసం, మళ్లీ ల్యాబ్, మళ్లీ డబ్బులు. రక్తం తీసేముందు ఏం మాత్రలు వేసుకున్నారు అని అడిగే ల్యాబ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

6. చూసేవాళ్లు లేరు. ప్రైవేట్ మెడికల్ కేర్ ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం మన దగ్గర 2002 నుంచి ఉంది, దాని కిందే రిజిస్ట్రేషన్. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు రేట్ల బోర్డ్ చూస్తారు, బయోమెడికల్ వేస్ట్ బుట్టల రంగులు చూస్తారు, ఫైర్ సిలిండర్ చూస్తారు. అవీ చూడాల్సిందే. ఫ్రిజ్ తలుపు తీసి థర్మామీటర్ ఉందా అని మాత్రం చూడరు. కంట్రోల్ (ఎంత అంకె రావాలో ముందే తెలిసిన శాంపిల్) వేశారా, వేస్తే పుస్తకం ఏది, కిట్ లాట్, అంటే బ్యాచ్, మారినప్పుడు ఐడీ చిప్ మార్చారా అని అడగరు. ఈ చిప్ సంగతి బయటివాళ్లకి తెలియదు, ప్రతి లాట్ డబ్బాతోపాటు చిన్న చిప్ ఒకటి వస్తుంది, ఆ లాట్‌కి వెలుగుని అంకెగా మార్చే లెక్క అందులో ఉంటుంది. లాట్ నంబర్ సరిపోకపోతే ఆగిపోయే మెషీన్లున్నాయి, ఆగనివీ ఉన్నాయి. ల్యాబ్ నాణ్యతకి ఇచ్చే ఎన్ఏబీఎల్ సర్టిఫికెట్ ఇష్టమున్నవాళ్లు తీసుకునేదే కానీ తప్పనిసరి కాదు, పెద్ద ల్యాబులకి సరిపోతుంది. బయటి నుంచి శాంపిల్ తెప్పించుకుని మన మెషీన్ సరిగా చెప్తోందో లేదో చూసుకునే స్కీమ్ వెల్లూరు సీఎంసీ వాళ్లు ఏళ్ల తరబడి నడుపుతున్నారు, చేరిన మండల ల్యాబ్‌ని నేనైతే చూడలేదు. కిట్లకి లైసెన్సింగ్ వచ్చింది, 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ కింద ఎక్కువ రిస్క్ ఉన్న సీ, డీ క్లాస్ వాటికి 2023 అక్టోబర్ నుంచి తప్పనిసరి, సంతోషం. కానీ మా దాకా వచ్చేసరికి ఆ లైసెన్స్ వల్ల మాకు తెలిసేదేం లేదు. ఫ్యాక్టరీ గేటు దాటాక ఆటోలో ఏమైందో, మా ఫ్రిజ్‌లో ఏమైందో, ఎన్నో నిమిషంలో చదివామో చెప్పే కాగితం మా దగ్గర ఏదీ లేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరం తలా కొంచెం మోస్తున్నాం, అడిగితే ఎవరిదీ కాదు.

ఇప్పుడు మేం అడిగేవి. కోట్ల బడ్జెట్ అక్కర్లేదు, చాలావాటికి ఒక సర్క్యులర్ చాలు.

ఒకటి, రిపోర్ట్ మీద టెస్ట్ పద్ధతి, మెషీన్ పేరు, కిట్ కంపెనీ, లాట్ నంబరు, శాంపిల్ తీసిన టైమ్, కార్డు చదివిన టైమ్ తప్పనిసరిగా ఉండాలి. ట్రోపోనిన్ అయితే నొప్పి ఎప్పుడు మొదలైందో కూడా. ఇవి రాయడానికి ల్యాబ్‌కి పైసా ఖర్చు లేదు.

రెండు, రాష్ట్రమంతా ఒక్కో టెస్ట్‌కి ఒకే యూనిట్. ఏది పెట్టినా మాకు ఇబ్బంది లేదు, ఒక్కటి పెట్టండి. ట్రోపోనిన్‌కి లీటరుకి నానోగ్రాముల్లో పెడితే సున్నాల గొడవ పోతుంది.

మూడు, ట్రోపోనిన్ రిపోర్ట్ కింద పెద్ద అక్షరాలతో తెలుగులో రెండు ముక్కలు అచ్చు వెయ్యాలని ఆర్డర్ ఇవ్వండి: నొప్పి వచ్చిన కొద్ది గంటల్లోపు చేసిన టెస్ట్‌లో నెగటివ్ వచ్చినా గుండెపోటు లేదని కాదు, ఈసీజీ తీయించుకుని డాక్టర్ చెప్పిన టైమ్‌కి మళ్లీ చేయించుకోవాలి. కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి. ఉద్దానం మండలాల పీహెచ్‌సీలకి, ప్రైవేట్ క్లినిక్‌లకి, ఆర్ఎంపీలకి కూడా (వాళ్లని లెక్కలోకి తీసుకోం అంటే కుదరదు, జనం ముందు వెళ్లేది వాళ్ల దగ్గరకే) కిడ్నీ రోగుల్లో ట్రోపోనిన్ ఎలా చూడాలో ఒక పేజీ నోట్ పంపండి. కింగ్ జార్జ్ ఆసుపత్రి కార్డియాలజీ, నెఫ్రాలజీ వాళ్లని కూర్చోబెడితే ఒక పూట పని.

నాలుగు, కిట్ డబ్బా మీద వేడి తగిలితే రంగు మారే స్టిక్కర్ లేనిదే రాష్ట్రంలో అమ్మకూడదు, వేడి తగిలిన డబ్బాని డీలర్ వెనక్కి తీసుకోవాల్సిందే. ప్రభుత్వం కొనే టెండర్లలో ముందు ఇది పెడితే ప్రైవేటువాళ్లకీ అలవాటవుతుంది. విశాఖలో మెడ్‌టెక్ జోన్ మనదే కదా, అక్కడ తయారయ్యే కిట్లతోనే మొదలుపెట్టండి.

ఐదు, ప్రతి ల్యాబ్‌లో ఫ్రిజ్‌కి థర్మామీటర్, రోజుకి రెండుసార్లు రాసే పుస్తకం, వారానికి ఒకసారైనా కంట్రోల్ శాంపిల్. ఇన్‌స్పెక్షన్ ఫారంలో ఈ మూడూ చేర్చండి. చిన్న ల్యాబులు కంట్రోల్ కొనుక్కోలేవు అన్నది నిజం, ఓపెన్ చేసిన సీసా వారాల్లో పాడైపోతుంది, అందుకని జిల్లా ఆసుపత్రి ల్యాబ్ నుంచి నెలకోసారి పేరు లేని శాంపిల్ రెండు మూడు పంపి ఎవరి అంకె ఎంతొచ్చిందో చూడండి. ఎక్కువ తేడా వచ్చినవాళ్లకి మొదట నోటీసు కాదు, మనిషిని పంపి నేర్పించండి. భయపెడితే దొంగ పుస్తకాలు రాస్తారు, మా ఫీల్డ్ సంగతి నాకు తెలుసు.

ఆరు, రక్తం తీసేచోట గోడ మీద బోర్డు: మీరు వేసుకుంటున్న మాత్రలు, విటమిన్లు, జుట్టు మాత్రలు చెప్పండి. అలాగే కంపెనీలు తమ కిట్‌లో బయోటిన్ వాడారా లేదా అన్నది డబ్బా మీదే తెలుగులో రాయాలి, లోపల మడతపెట్టిన చీమతలకాయంత అక్షరాల కాగితంలో కాదు.

ఏడు, పరికరాలు, కిట్లు తప్పు చేస్తే చెప్పుకోవడానికి మెటీరియో విజిలెన్స్ ప్రోగ్రాం అని దేశంలో 2015 నుంచి ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తుంది. మా డీఎంఎల్‌టీ కోర్సులో ఎవరూ ఆ మాట చెప్పలేదు. ఫారం తెలుగులో ఇప్పించండి, చెప్పిన టెక్నీషియన్ పేరు ఓనర్‌కి, కంపెనీకి తెలియకుండా చూడండి. ఉద్యోగం పోతుందని భయపడే మనిషి ఏ ఫారమూ నింపడు.

యూనివర్సిటీల్లో, కేంద్రం నడిపే సీఎస్ఐఆర్ పరిశోధన ల్యాబుల్లో ఈ వెలిగే ప్రోబ్‌లు తయారుచేసే సైంటిస్టులు, పీహెచ్‌డీ పిల్లలు ఈ లెటర్ చదివితే వాళ్లకి కూడా ఒక మాట. యాంటీబాడీ లేకుండా చిన్న డై మాలిక్యూల్ ఒక్కటే ప్రొటీన్‌కి అతుక్కోగానే వెలిగేలా చేస్తున్నారు కదా, ఆల్బుమిన్‌కైతే అవి బాగా పనిచేస్తాయి, ఎందుకంటే అది బోలెడుంటుంది, డైలు దూరి కూర్చోడానికి దానిలో సందులుంటాయి. అవి వేడికి యాంటీబాడీల్లా అంత తొందరగా పాడవ్వకపోతే మాలాంటి ఊళ్లకి అంతకంటే కావాల్సింది లేదు. మూత్రంలో ఆల్బుమిన్ కొంచెం కొంచెంగా పోతున్నప్పుడే పట్టుకోగలిగితే ఉద్దానంలో ఎంతమందికి ముందే తెలుస్తుందో ఆలోచించండి. కానీ మీ పేపర్లలో శుభ్రమైన బఫర్‌లో వెలిగింది అని రాసి ఆపెయ్యకండి. మా శాంపిళ్లు తీసుకెళ్లండి. కామెర్ల సీరమ్ పసుపు నీళ్లలా ఉంటుంది, బిర్యానీ తిని వచ్చినవాళ్లది పాలలా ఉంటుంది, పసిపిల్లల దగ్గర సన్న సూదితో గుంజి తీసింది ఎర్రగా పగిలి ఉంటుంది, డయాలసిస్ రోగికి రోజుకి పది రకాల మందులు, అవి కూడా ఆల్బుమిన్‌కే అతుక్కుంటాయి. అందులో వెలిగితే అప్పుడు చెప్పండి. పర్మిషన్లు తీసుకుని వస్తే శాంపిళ్లు దొరికేలా మేం కూడా సాయం చేస్తాం.

కంపెనీలవాళ్లు మెషీన్ ఫ్రీగా ఇస్తారు, నెలకి ఇన్ని కార్డులు కొనాలని అగ్రిమెంట్ రాయించుకుంటారు. ఆ టార్గెట్ కోసం అవసరం లేని టెస్ట్‌లు జనం నెత్తిన పడుతున్నాయి, రెండు రోజుల జ్వరానికి కూడా సీఆర్పీ, ప్రోకాల్సిటోనిన్ (ఇదీ ఇన్ఫెక్షన్ టెస్టే) రెండూ. ఇది కూడా మీ దృష్టికి తెస్తున్నాను, దీని మీద వేరే రాస్తాం, ఇక్కడ కలిపితే అసలు విషయం పక్కకి పోతుంది.

పై ఏడింటిలో మొదటి మూడూ, బోర్డుల సంగతీ మే నెల ఎండలు ముదిరేలోపు సర్క్యులర్‌గా ఇవ్వాలని, స్టిక్కర్ల గురించి కంపెనీలతో మాట్లాడి తేదీ ప్రకటించాలని, మా పాత అర్జీకి ఏ సెక్షన్ బాధ్యత తీసుకుంటుందో రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాం. కమిటీ వేస్తే అందులో రోజూ కార్డు మీద చుక్క వేసే టెక్నీషియన్ ఒకళ్లయినా ఉండాలి. జిల్లాలో ఎక్కడికి రమ్మన్నా వస్తాం, పగలు శాంపిళ్ల టైమ్ కాబట్టి మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టండి.

ఇట్లు
ఉద్దానం ప్రాంత ల్యాబ్ టెక్నీషియన్ల తరఫున
ఒక టెక్నీషియన్, శ్రీకాకుళం జిల్లా